అక్క పంపిన టేక్

జూన్ 4
డైరెక్టర్‌కి పిచ్చి ముదిరింది. సినిమా నిండా నరుకుళ్లే, పాట మాత్రం ఒక్కటే ఉండాలంటాడు. టైటిల్స్, ఛేజ్, హత్యలు, అన్నిటికీ దాన్నే తిప్పితిప్పి వాడాలట. మా అక్క కూతుర్ని నిద్రపుచ్చుతూ పాడే పాట వినిపించాను. ఎగిరి గంతేశాడు.

జూన్ 9
అక్క స్టూడియోకి రాలేనంది. బావ ఒప్పుకోడట. ఇంట్లోనే ఫోన్లో రికార్డ్ చేసి పంపుతానంది. ఆయన కోపం మాకు కొత్తేం కాదు. సర్దుకుపోవే అనేది అమ్మ. నేను ఏనాడూ ఏమీ అనలేదు.

జూన్ 12
గొంతు కోసే సీన్‌కి అక్క పాటని సగం స్పీడ్‌కి దించాను. గొడ్డు మూలిగినట్టు వచ్చింది. రక్తం కారేకొద్దీ ఒక్కో స్వరం తీసేశాను. ఎడిటర్ తాగుతున్న కాఫీ పక్కన పెట్టేశాడు. నాకు నేనే ముద్దొచ్చాను.

జూన్ 15
ఫైట్‌కి బీట్ కుదరడం లేదు. ఏ డ్రమ్ పెట్టినా డబ్బాలో రాళ్లు ఊపినట్టుంది.

జూన్ 16
దొరికింది! అక్క పొద్దున పంపిన టేక్‌లో, పాట వెనక ఏదో దబదబ చప్పుడు. పక్కింట్లో రిపేర్లేమో. దాన్ని కోసి, బేస్ పెంచి, అదే మళ్లీ మళ్లీ మోగేలా లూప్ చేశాను. హీరో రాడ్‌తో మోకాళ్లు విరగ్గొట్టే షాట్ మీద వేస్తే ఒళ్లు జలదరించింది. ఇలాంటి దెబ్బ జన్మలో వినలేదని డైరెక్టర్ వాటేసుకున్నాడు. చప్పుడు అదిరింది, ఇంకోటి పంపక్కా అని మెసేజ్ పెట్టాను. చూసింది.

జూన్ 18, మధ్యాహ్నం
మిగతావన్నీ మ్యూట్ చేసి అక్క గొంతు ఒక్కటే విన్నాను. చప్పుడు పడ్డ ప్రతిసారీ గొంతు తుళ్లిపడుతోంది. వెంటనే పాట ఇంకాస్త పెద్దగా. వాల్యూమ్ పెంచితే వెనక బావ గొంతు. సినిమాల్లో పాడతావటే నువ్వు, అని.

కావాలనే పంపింది. తమ్ముడికి చెవులున్నాయని నమ్మింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఇంకోటి పంపమన్నాను! మైక్ స్టాండ్ పట్టుకుని బయల్దేరుతున్నాను.

అదే రోజు, సాయంత్రం
తలుపు తీసింది బావే. ఏంటోయ్ బావమరిదీ అని నవ్వబోయాడు. మొదటి దెబ్బ మూతి మీద. రెండోది చేతి మీద. ఎముక విరిగితే సినిమాలోలా మోగదు, ఎండుపుల్లలా చిన్నగా పుటుక్కుమంటుంది. పడుతూనే గోళ్లతో నా కనుబొమ చీరేశాడు. చంపేసేవాణ్ణే. అక్క అడ్డం పడి స్టాండ్ పట్టుకుంది. వాడి కోసం కాదు, లోపల పాప ఉందిరా అంది. పాప చెవిన పడకూడదనే, దెబ్బలు పడుతున్నంతసేపూ పాడేదట.

ఇద్దర్నీ నా ఇంటికి తెచ్చేశాను. అక్కకి పక్కటెముకలు విరిగాయన్నాడు డాక్టర్. టేక్ పోలీసులకిచ్చాను. నన్నూ కూర్చోబెట్టి నా మీదా కేసు రాసుకున్నారు. రాసుకోనీ.

జూన్ 20
లూప్ తీసేశాను. డైరెక్టర్ నా కాలర్ పట్టుకున్నాడు. సంగతి చెప్పాను. వదిలేశాడు. పాట మాత్రం ఉంచుదామన్నాడు, పాట ఏం పాపం చేసిందన్నాడు. నిజమే కదా అనుకున్నాను.

జూన్ 23
ఏ చప్పుళ్లూ లేకుండా, ఉత్త కీబోర్డ్ మీద మెల్లగా ఆ పాట వాయిస్తున్నాను. ఆడుకుంటున్న పాప బొమ్మ వదిలేసి టేబుల్ కింద దూరింది. రెండు చెవులూ మూసుకుంది. తర్వాత ఒక చెయ్యి తీసి, మామా, నువ్వూ రా అని నా ప్యాంటు పట్టి లాగింది.

దూరాను.