చెప్పించే పుస్తకం

ఆగస్టు 3, మంగళవారం

మా మేనేజరు సుధాకర్ సార్ హైదరాబాదు ట్రైనింగు నుంచి వచ్చారు. మిల్లులో సూపర్వైజర్లందరికీ తలా ఒక పుస్తకం ఇచ్చారు. కింద పనిచేసేవాళ్ళకు కోచింగ్ ఇవ్వడం ఎలా... అని. కోచింగ్ అంటే నాకు తెలిసింది టెన్త్ తప్పిన పిల్లలకు చెప్పేది. ఇది వేరే అట. అరవకూడదు. ఆర్డరు వేయకూడదు. తప్పు ఎందుకు జరిగిందో చేసినామెనే అడగాలి. జవాబు వచ్చేదాకా నోరు మూసుకుని ఉండాలి.

ఈ పుస్తకం రాసినాయన ఒకసారి నూలు వడికే మా రింగ్ ఫ్రేముల మధ్య నిలబడి ఎవరినైనా ఏదైనా అడిగి చూడాలి. ఆ మోతలో పక్కమనిషి మాట వినపడదు. ఫ్రేముల దగ్గర తెగిన పోగులు అతికించే నేను సూపర్వైజరునయ్యానంటే సగం నా గొంతు వల్లనే.

తెలుగు కూడా ఇంగ్లీషు నుంచి బలవంతాన మార్చినట్టుంది. ఒక్కో వాక్యం రెండుసార్లు చదివితే గానీ ఎక్కదు.

ఆగస్టు 6, శుక్రవారం

పక్కింటికి కువైట్ నుంచి ఫోన్. మా ఆయన. పుస్తకం సంగతి చెబితే నవ్వాడు. తనను ఎట్లా ఉన్నావని అడిగేవాళ్ళే లేరట అక్కడ, ఇక కోచింగా అని. నవ్వు కాసేపే. తర్వాత బిల్లు అవుతుందని పెట్టేశాడు.

ఆగస్టు 10, మంగళవారం

ఓబుళమ్మ ఫ్రేము నిండా తెగిన పోగులు వేలాడుతున్నాయి. ఆమె చూడటమే లేదు. ఎటో చూస్తూ నిలబడి ఉంది. మంచి పనిమంతురాలు. నెల కిందటి దాకా ఆమె చేతివేగం చూపించి కొత్తవాళ్ళకు నేర్పించేదాన్ని.

అరవబోయి ఆగాను. పత్తి గోడౌను పక్కన నీడలోకి పిలుచుకుపోయాను. ఏమైందని అడిగాను. ఏమీ లేదక్కా అంది. పుస్తకంలో చెప్పినట్టు ఊరకే ఉన్నాను. అంత కష్టమైన పని ఇంకొకటి లేదు. నాలుక దురద పెడుతుంది. ఆమె చీర కొంగుకు అంటిన దూది గిల్లుతూ నిలబడింది. చెప్పలేదు. కానీ పోయేటప్పుడు ఒకసారి వెనక్కి తిరిగి చూసింది.

ఆగస్టు 14, శనివారం

ఇకనుంచి శనివారం శనివారం సార్ మాకు కోచింగ్. ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి, టీ తెప్పించి... ఈ వారం ఏం బాగా జరిగింది షమీమ్, మీకు ఏం కష్టంగా ఉంది అని అడిగారు. గుంటూరు వైపు మనిషి, మాట మెత్తగా ఉంటుంది. నన్ను 'మీరు' అంటారు. నేను మాట్లాడుతున్నంతసేపూ ఫైలు ముట్టుకోలేదు, ఫోను ఎత్తలేదు.

నేను అంతసేపు మాట్లాడి ఎన్నాళ్ళైందో. బయటికొచ్చాక సిగ్గేసింది. మంచిగా కూడా ఉంది.

ఆగస్టు 19, గురువారం

వారమంతా ఒక్క కేక వేయలేదు. గొంతు నొప్పి లేదు. పోగులు తెగడం తగ్గిందని స్పిన్నింగ్ మాస్టరే అన్నాడు. పుస్తకం పనికొస్తోంది — ఒప్పుకోవాలి.

ఆగస్టు 24, మంగళవారం

ఓబుళమ్మ చెప్పింది. అదే గోడౌను నీడలో. నేను అడిగింది ఒక్కటే — రాత్రి నిద్రపోతున్నావా అని. అంతే, ఆనకట్ట తెగినట్టు...

వాళ్ళది జమ్మలమడుగు దిక్కు పల్లె. మొగుని తమ్ముడు వెంకటేశు పంచాయతీ ఎలక్షన్లలో పోలింగ్ ఏజెంటుగా కూర్చున్నాడు. కూర్చోవద్దని ముందే చెప్పి పంపించారట అవతలి పార్టీవాళ్ళు. వేరుశెనగ చేలోనే నరికి చంపారు. ఆమె మొగుడు నాగన్న గట్టు వెనక నుంచి చూశాడు. ఎవరెవరో పేర్లతో సహా పోలీసులకు చెప్పాడు. కేసుకు అతనే ఆధారం. వాయిదా వచ్చే నెల, జమ్మలమడుగు కోర్టులో. అంతదాకా ప్రాణం నిలవాలని చక్రాయపేట దగ్గర ఆమె పిన్నమ్మ వాళ్ళ గొర్రెల దొడ్డిలో దాచారు. పిల్లలిద్దరినీ ఇక్కడికి, ప్రొద్దుటూరుకు తెచ్చి బడిలో వేసింది. ఏ బడో కూడా చెప్పింది.

“నీకు తప్ప ఎవురికీ చెప్పల్యాక్కా. మీరు ఆ పార్టీ గాదు, ఈ పార్టీ గాదు. అందుకే చెప్పినా.”

మొగుణ్ణి చూసి చాలా రోజులైందట. ఒక్కసారి పోయి రావాలంటుంది. సీజన్లో సెలవు ఇవ్వరు కదా.

నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఇన్నేళ్ళ సర్వీసులో నన్ను అట్లా పట్టుకున్నవాళ్ళు లేరు.

ఆగస్టు 28, శనివారం

ఓబుళమ్మకు సెలవు అడిగాను. ఎందుకని సార్ అడిగారు. ఇంట్లో ఇబ్బంది అన్నాను. సార్ టీ కప్పు పక్కన పెట్టి చూస్తూ కూర్చున్నారు. ఆ మౌనం ముందు నేను ఆగలేకపోయాను. కొంచెం చెప్పాను. ఊఁ అన్నారు. ఇంకొంచెం... ఆ అమ్మాయికి ఏ సాయం చేస్తే బాగుంటుందనుకుంటున్నారు మీరు అని అడిగారు. అంతా చెప్పేశాను. పల్లె, కేసు, పిన్నమ్మ, దొడ్డి, పిల్లల బడి.

పాపం అన్నారు. నాలుగు రోజుల సెలవు అక్కడికక్కడే రాసిచ్చారు. మీరు మంచి కోచ్ అవుతారు షమీమ్ అన్నారు.

దారిలో పూలు కొనుక్కున్నాను. ఎందుకో.

ఆగస్టు 30, సోమవారం

ఓబుళమ్మ వేంపల్లె మీదుగా చక్రాయపేట పోయే బస్సెక్కింది. మొగునికి ఓళిగలు చేసి మూట కట్టుకుని పోయింది.

సెప్టెంబర్ 1, బుధవారం

నాగన్నను అవతలి పార్టీవాళ్ళు పట్టుకుపోయారట. నిన్న తెల్లారేసరికి దొడ్డి ముందర జీపు.

ఎవరి నోట చూసినా ఇదే. నేను మధ్యాహ్నం అన్నం తినలేదు. ఓబుళమ్మ వెనకే పోయుంటారు, బస్సులో ఎవరో చూసుంటారు... అని అనుకుంటున్నాను. అనుకోవాలనుకుంటున్నాను.

సెప్టెంబర్ 3, శుక్రవారం

ఓబుళమ్మ డ్యూటీకి వచ్చింది. నాగన్నను నిన్న ఊరి బయట దింపి పోయారట. ఒంటి మీద దెబ్బ లేదు. జీపులో కూర్చోబెట్టి కోర్టులో ఏం చెప్పాలో చెప్పారట. తర్వాత పిల్లల బడి పేరు చెప్పారట. ఏ గేటు నుంచి బయటికి వస్తారో కూడా.

బడి పేరు అనగానే నాకు ఆ శనివారం, సార్ గది గుర్తొచ్చాయి.

“అక్కా, బడి సంగతి నీకొక్కదానికే చెప్పినా. నువ్వు ఎవురికన్నా చెప్పినావా?”

సార్‌కు చెప్పానన్నాను. నీ సెలవు కోసం.

ఆమె తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది.

“మన మిల్లుకు పత్తి తోలే ఆసామి ఎవురనుకున్యావు? మా మరిదిని నరికించినోడు ఆయప్పే గదా.”

నాకు తెలియదు. నిజంగా తెలియదు. ఆయన బేళ్ళ లారీలు గేటు దాటేటప్పుడు రోజూ చూస్తాను. తెల్ల బట్టల్లో వచ్చి సార్ గదిలో కూర్చుంటాడు. నాకు నమస్తే కూడా పెడతాడు.

సెప్టెంబర్ 4, శనివారం

ఈ వారం టీ వద్దన్నాను. నిలబడే అడిగాను. నేను చెప్పింది మీరు ఎవరికి చెప్పారు అని.

అబద్ధమాడతాడనుకున్నాను. ఆడలేదు. అది ఇంకా ఘోరం.

“కూర్చోండి షమీమ్. ఆయన ఆ మనిషి కోసం వెతికిస్తూనే ఉన్నాడు. ఎప్పటికైనా దొరికేవాడు, దొరికిన రోజు శవమయ్యేవాడు. ఒంటి మీద చెయ్యి వెయ్యనని మాట తీసుకున్నాకే చెప్పాను. ఇవాళ ఆ మనిషి బతికున్నాడు కదా?”

పిల్లల బడి ఎందుకు చెప్పారు అన్నాను.

బల్ల మీది ఫైలు దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత గొంతు మార్చి, ఇది మిమ్మల్ని ఎట్లా బాధిస్తోంది, దీని నుంచి మీరు ఏం నేర్చుకున్నారనుకుంటున్నారు అని అడిగాడు. పుస్తకంలో ఉన్నట్టే, ఆ మెత్తటి గొంతుతోనే. అడిగి, ఆ ఖాళీని నేను నింపుతానని ఆగాడు.

నేను నింపలేదు. బయటికొచ్చేశాను.

అంత శ్రద్ధగా నన్ను విన్నది అతనొక్కడే. దాన్ని ఏం చేసుకోవాలో తెలియడం లేదు.

సెప్టెంబర్ 7, మంగళవారం

ఆడవాళ్ళంతా నన్ను చూస్తే మాట ఆపేస్తున్నారు.

సెప్టెంబర్ 21, మంగళవారం

సెలవు పెట్టి జమ్మలమడుగు పోయాను. ఓబుళమ్మ రమ్మనలేదు. వద్దని కూడా అనలేదు.

కోర్టు వరండా నిండా అవతలి పార్టీ మనుషులే. పత్తి ఆసామి రాలేదు, రావాల్సిన పని లేదు. నాగన్నను పిలిచారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, ఎవరు కొనిచ్చారో. సర్కారు లాయరు ఆ రోజు ఏం చూశావని అడిగాడు.

“నేను మోటారు కాడ పండుకోని ఉంటి సామీ. ఏమీ చూళ్ళేదు.”

మరి పోలీసులకు పేర్లు చెప్పావు కదా అంటే, చెప్పలేదు, వాళ్ళే రాసుకున్నారు అన్నాడు. తల ఎత్తలేదు. గొంతు మాత్రం గట్టిగా వచ్చింది, ఎవరో దూరంగా ఉన్నవాళ్ళకు వినిపించాలన్నట్టు.

వాళ్ళ అమ్మ తలుపు దగ్గర కింద కూర్చుని ఉంది. చచ్చిపోయినవాడికీ వీడికీ ఇద్దరికీ ఆమే తల్లి. ఏడవలేదు. పెద్దకొడుకు బయటికి వచ్చేసరికి లేచి నిలబడింది. వాడు అమ్మా అన్నాడు. ఆమె పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది. కొడుక్కు కాదు — ఎవరో ఆఫీసరుకు ఇచ్చినట్టు.

బస్సులో ముసలామె ముందు సీటు, నాగన్న చివరి సీటు. మధ్యలో ఎక్కడో ఓబుళమ్మ, నిలబడే ఉంది. సీట్లు ఖాళీ ఉన్నా కూర్చోలేదు. నేను ఆ బస్సెక్కాను గానీ మా స్టాపు రాకముందే దిగిపోయాను.

సెప్టెంబర్ 24, శుక్రవారం

ఫోన్. మా ఆయనకు అంతా చెప్పాను. సార్‌తో పెట్టుకోవద్దన్నాడు. మనది ఒంటరి కాపురం, నేను దేశం కాని దేశంలో ఉన్నాను అన్నాడు. నిజమే. కానీ నాకు ఏమనిపిస్తోందో అడగలేదు.

అడగనందుకు మొదటిసారి హాయిగా ఉంది. ఇదేం పాడు హాయి.

అక్టోబర్ 9, శనివారం

పులివెందులలో కొత్త యూనిట్. ఎలక్షన్ల గొడవ సద్దుమణిగింది కాబట్టి వచ్చే నెల తెరుస్తారట. అక్కడి సూపర్వైజర్లకు ఈ పుస్తకం నేర్పించడానికి సార్ నన్ను పంపుతాడట. మీకన్నా బాగా ఎవరూ పట్టుకోలేదు దీన్ని — అన్నాడు. ఎగతాళి కాదు. మనస్ఫూర్తిగా అన్నాడు.

ఆలోచించుకుని చెబుతానన్నాను. లేదు అని ఎందుకు అనలేకపోయాను?

అక్టోబర్ 13, బుధవారం

పుస్తకం మళ్ళీ మొదటి నుంచి చదివాను. తిట్టడానికి చదివాను. తిట్టడానికి ఏమీ దొరకలేదు. అందులో రాసినట్టు చేస్తే మనుషులు నిజంగానే నోరు విప్పుతారు. పని బాగుపడుతుంది. నేనే చూశాను.

విన్నది ఏం చేయాలో కూడా రాశారు, చివర్లో ఎక్కడో. అవతలి మనిషి చెప్పింది గుట్టుగా ఉంచాలట. సంస్థ మేలుకు అవసరమైతే తప్ప.

ఆ 'తప్ప' దగ్గర చాలాసేపు కూర్చున్నాను. సంస్థ మేలు అంటే పత్తి ఆగకుండా రావడం. సార్ పుస్తకం దాటి ఏమీ చేయలేదు.

రాసినాయనకు జీపు అంటే ఏందో తెలిసుండదు. ఆయన ఊర్లో మనిషి కష్టం చెప్పుకుంటే సెలవు దొరుకుతుందేమో, ఇంకో బల్ల దగ్గరికి మారుస్తారేమో. ఇక్కడ ఒక మనిషి ఎక్కడ పడుకుంటాడు అన్నదే పెద్ద రహస్యం. పుస్తకం మంచిదే. ఏ ఊర్లో తెరుస్తున్నామో చూసుకుని తెరవాలి — అది నాకు నేర్పిన సార్‌కు తెలుసు. నాకే తెలియదు.

అక్టోబర్ 18, సోమవారం

ఓబుళమ్మ పనికి వస్తూనే ఉంది. ఒక్క పోగు తెగదు. నేను పక్క నుంచి పోతే చేతులు ఇంకా వేగంగా ఆడతాయి. నాగన్న ఇల్లు కదలడట. ముసలామె చిన్నకొడుకు ఇంట్లో ఒంటరిగా వండుకుంటుందట. ఇవి ఆమె నాకు చెప్పలేదు. పక్క ఫ్రేము మనిషికి చెబుతుంటే విన్నాను. నన్ను చూసి ఆపేసింది.

అక్టోబర్ 22, శుక్రవారం

షిఫ్టు అయిపోయేముందు సుబ్బలక్షుమ్మ వచ్చింది. చాపాడు దిక్కు మనిషి, చేరి కొన్ని వారాలే. జరిగిన సంగతులు ఏమీ తెలియవు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నా మణికట్టు పట్టుకుంది.

“అక్కా, నీతో ఒక మాట చెప్పుకోవల్ల. నువ్వు బాగా వింటావంట గదా.”

నాకు చెప్పొద్దమ్మా అన్నాను. మోతలో వినపడలేదో ఏమో. మా అన్న... అని మొదలుపెట్టింది. నేను చెయ్యి విడిపించుకోవాలి. విడిపించుకోలేదు. మళ్ళీ చెప్పొద్దు అన్నాను, ఈసారి నా పాత గొంతుతో, అరిచి. ఆమె బెదిరిపోయింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు చూసి చెప్పు అనబోయాను. అవును, అనబోయాను. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

ఎదురు వరసలో ఓబుళమ్మ ఫ్రేము వదిలేసి నడిచి వచ్చింది. సుబ్బలక్షుమ్మ భుజం చుట్టూ చెయ్యి వేసి గోడౌను వైపు తీసుకుపోయింది. నన్ను చూడలేదు.

నీడలో ఇద్దరూ చాలాసేపు నిలబడ్డారు. ఓబుళమ్మ ఏమీ అడగడం లేదు. ఊరకే వింటోంది.

ఇటు ఆమె ఫ్రేములో పోగులు తెగడం మొదలైంది. నేనే నిలబడి ఒక్కొక్కటీ అతికించాను.

రేపు శనివారం. సార్ పులివెందుల సంగతి జవాబు అడుగుతాడు.