అత్త బరకం

రాజ్యం అత్తా,

ఆదివారం నీ కల్లంలో మిరపకాయలు పక్కకు నెట్టి, వాటి కింది బరకం లాక్కెళ్లిన దొంగని నేనే. తిట్టే ముందు ఇది చదువు.

కొండవీడు కొండ మీద ఒక మాస్టారు జారిపడ్డారు. దెబ్బ తగిలినవాళ్లని కిందికి దింపే వాలంటీర్లం మేమే కదా, తీరా చూస్తే మా స్ట్రెచర్ రిపేరులో ఉంది. ఆయన్ని నీ బరకంలో పడుకోబెట్టి ఆరుగురం మోశాం. ఎంత పిలిచినా ఉలుకూ పలుకూ లేదు. మా కోటేష్ ఏడుపు లంకించుకున్నాడు. అంతలో బరకంలోంచి పెద్ద తుమ్ము! అక్కణ్ణుంచి కింది దాకా ఆయనా తుమ్మడమే, మేమూ తుమ్మడమే. "ఒరేయ్, నన్ను మోస్తున్నారా, కారంలో పొర్లిస్తున్నారా?" అని కేకలేశారు. విరిగింది కాలొక్కటే.

నీకు కొత్త బరకం పంపుతున్నాను. పాతది మా టీముకిచ్చెయ్, ఈసారి అడిగే తీసుకుంటున్నా. కాకపోతే ఏటా ఒక్కరోజు నీ మిరపకాయలు దాని మీదే ఎండబొయ్యాలి.

నీ మేనల్లుడు