పోశన్నకు పెరుగన్నం

నిజామాబాద్,
ఫిబ్రవరి 20, 1966.

చిరంజీవి సులోచనకు మేనమామ దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం. ఈ ముక్క లేకపోతే ఉత్తరానికి తల లేనట్టు ఉంటుందని రాశాను. నిజానికి నా మోకాళ్లు క్షేమంగా లేవు. మనుషుల మీద నాకున్న అభిప్రాయం అంతకంటే పాడైపోయింది.

హైదరాబాదులో నీ నర్సు ట్రైనింగు మళ్లీ మొదలైందని, హాస్టలు అన్నంలో రాళ్లు మాత్రం తగ్గలేదని రాశావు. ఏరుకుని తిను, బిడ్డా. మీ అమ్మ ఎట్లా ఉందని అడిగావు. మొన్న ఆదివారం బోధన్ బస్సెక్కి ఊరికి పోయి చూసి వచ్చాను. తింటోంది, పని చేసుకుంటోంది, ఎవరైనా ఓదార్చడానికి వస్తే వాకిలి ఊడ్వడం మొదలుపెడుతోంది. ఎడ్లను అమ్మలేదు. చెరుకు బండి మీ బాపు దోస్తు ఖుద్దూస్ తోలుతున్నాడు. ఫ్యాక్టరీ దారిలో మీ బాపు ఆగే చాయ్ హోటల్ ముందర పెద్దెద్దు ఇప్పటికీ ఆగుతోందట. ఖుద్దూస్ దాన్ని తిట్టి, తానూ దిగి ఒక చాయ్ తాగి పోతున్నాడట.

మీ పెద్దబాపు సాయన్న సంగతి కూడా అడిగావు. ఆ మనిషి పేరు రాయాలంటే నాకు కలం కడుక్కోవాలనిపిస్తుంది. మీ బాపు పోయిన రోజు నుంచి అందరితో ఆయనది ఒకటే పాట. "నా తమ్ముడు దేవుడసొంటోడు. నాకెన్నడు ఎదురు మాట్లాడలే." బతికున్నప్పుడు పోశన్న నోటికి భయపడి ఆ గల్లీలోంచి పోనివాళ్లంతా వచ్చి, ఆయన నెమ్మదస్తుడని, మితభాషి అని చెప్పారు. మితభాషి! నేను వాకిట్లో కూర్చుని అన్నీ విన్నాను. రోత పుట్టింది. శవం మీద పూలు వేస్తే వేశారు, ఇంత సున్నం ఎందుకు కొట్టాలి?

మీ బాపు ఎదురు మాట్లాడలేదా? సాయన్న మెడలో తులసిమాల వేసుకుని, నీచు మానేశానని ఊరంతా చాటిన ఏడాది గుర్తుందా? మీ బాపు నలుగురిలో ఏమన్నాడు? "మా అన్న మాంసం ఇడిసిపెట్టిండు. మనుషులను తినుడే ఇంక ఇడువలే." ఆ మాటకు సాయన్న ఆర్నెల్లు పలకలేదు. ఫ్యాక్టరీ దగ్గర బండ్ల వరుసలో చలికి వణుకుతూ, ఎప్పుడొచ్చినవని ఎవరో అడిగితే మీ బాపు చెప్పిన జవాబు ఖుద్దూస్ ఇప్పటికీ చెప్పుకుంటాడు. "నేనొచ్చి నిలవడ్డప్పుడు గీ పెద్దెద్దు లేగ ఉండె." వరుస పొడుగునా నవ్వులేనట. నన్ను మాత్రం ఊరికే వదిలాడా? "బావా, గిన్ని బుక్కులు సదివితివి. ఒక్కదాంట్ల గూడ నవ్వే పేజీ రాలేదా?" అని మీ అమ్మ ఎదుటే అనేవాడు. నేను మొహం మాడ్చుకుంటే, "ఇగో, ఇంకో పేజీ తిప్పిండు" అనేవాడు. అంత మనిషిని ఉతికి ఆరేసి, ఏ మరకా లేని తెల్లగుడ్డ చేసి పెట్టారు.

ఇక నీ అసలు ప్రశ్న. పెద్దబాపు నిన్ను తిరిగి ఎట్లా పంపాడని అడిగావు. బాపు ఆత్మ నీ చదువు కోసమే ఆగిందని ఊళ్లో అనుకుంటున్నారని, అది తలుచుకుని రోజూ ఏడుస్తున్నావని రాశావు. పెండ్లి కాని పిల్లవని నిన్ను ఆ రోజు ఇంట్లోనే ఉంచారు. అందుకని జరిగింది చెబుతున్నాను.

మూడోనాడు పొద్దున పిట్టకు పెట్టడానికి చేను గట్టుకు పోయాం. పోయినవాడికి ఇష్టమైనవి విస్తట్లో పెట్టి, కాకి ముట్టేదాకా నిలబడాలి. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని, దాన్ని తీరుస్తామని ఒక్కొక్కరు మాటివ్వాలి. అంతకుముందే సాయన్న చెప్పేశాడు: దినాలు అయిపోగానే నువ్వు దవాఖాన చదువు మానాలని, పరాయి మగవాళ్ల ఒళ్లు తుడిచే పని తన ఇంటి పిల్లకు వద్దని. ఆయన భార్య శంకరమ్మ తన తమ్ముడి కోసం నిన్ను అప్పుడే లెక్కేసుకుని కూర్చుంది. మీ అమ్మ అడ్డం మాట్లాడితే, "మూడొద్దులు గాలే, అప్పుడే నోరా?" అన్నారు.

విస్తట్లో ఏం పెట్టారో తెలుసా? పెరుగన్నం. అరటిపండు. బెల్లం ముక్క. మీ అమ్మ ఎండుచేప వేయిస్తానంటే, తులసిమాల ఇంట్లో నీచు ఏమిటని సాయన్న కోప్పడ్డాడట. కల్లు సంగతి ఎత్తినవాడే లేడు. ఖుద్దూస్ నా పక్కకు వచ్చి చెవిలో అన్నాడు: "మాస్టర్ సాబ్, పోశన్న భాయ్ పెరుగన్నం ఎన్నడు తిన్నడు? జరమొచ్చినప్పుడు గూడ తినకపోతుండె."

అందరూ వెనక్కి జరిగి తుమ్మచెట్టు నీడలో నిలబడ్డారు. ఆ ఏడుపుల మధ్య నిలబడలేక నేను అవతలి గట్టు మీద ఛత్రి వేసుకుని ఒక్కణ్ణే నిలబడ్డాను.

ఇక్కడ చెప్పాలి, బిడ్డా. ఇది ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. కాకి మొదటే వచ్చింది. విస్తరికి జానెడు దూరంలో వాలబోయింది. నేను ఛత్రి దించి ఒక్కసారి దానివైపు విదిలించాను. లేచిపోయింది. ముసలాయన ఎండకు ఛత్రి సర్దుకుంటున్నాడనుకున్నారు.

సాయన్న చేతులు జోడించాడు. "తమ్మీ, నీ పేరు మీద గుళ్లె గంట కట్టిస్త." ఇంకో కాకి వచ్చింది. ఛత్రి విదిలించాను. "ఊరందరికి బువ్వ పెడ్త." మళ్లీ విదిలించాను. అప్పుడు శంకరమ్మ ముక్కు చీదుతూ ముందుకొచ్చింది. "మరిదీ, రంది వడకు. పిల్లను మా తమ్మునికే జేసుకుంటం. కండ్లల్ల పెట్టుకుంటం." ఛత్రి ఎంత గట్టిగా ఆడించానంటే, చెట్టు మీదున్న కాకులు కూడా మొత్తం లేచి అరిచాయి.

"గా మాట ఎక్కలే పోశన్నకు" అని ఎవరో గొణిగారు.

మీ బాపు మేనత్త ఈరవ్వ ముసలిది కర్ర ఊతంగా ముందుకు వచ్చింది. "ఒరేయ్ సాయిగా, పిల్ల సదువు మీద పాణం వెట్టుకున్నడు గదరా వాడు. గది అను."

సాయన్న నేల చూశాడు. నోట్లో నోట్లో అన్నాడు: "సదివిపిస్త తీ."

"గట్టిగ చెప్పు సాయన్నా," అన్నాను నేను, "పిట్టకు వినవడాలె."

అంతమంది ముందర చేసేది లేక, "సులోచనను సదివిపిస్త! పెండ్లి మాట ఎత్తనే ఎత్తను!" అని అరిచాడు.

నేను ఛత్రి ముడిచాను. కాకి రాలేదు.

నా వల్లే బెదిరిపోయాయి. అవతలి చేను చెట్ల మీద కూర్చుని చూస్తున్నాయి తప్ప కదలడం లేదు. ఎండ ఎక్కింది. సాయన్న మొహం మెల్లగా విప్పారడం చూశాను. "సూసిన్రా? గిది గూడ నా తమ్మునికి ఇష్టం లేనట్టే" అన్నాడు. అంతా నా చేతులారా చేశాను. ఇన్ని పుస్తకాలు చదివి, దేన్నీ నమ్మనివాణ్ణి, లోపల లోపల కాకిని బతిమాలుకున్నాను. రావే, నీ కాళ్లు మొక్కుతా, రావే అని.

అప్పుడు ఆడవాళ్ల వెనక నుంచి మీ అమ్మ లేచింది. ఎవరినీ అడగలేదు. కొంగు ముడి విప్పి వేయించిన ఎండుచేప తీసి పెరుగన్నం మీద పెట్టింది. "నీచు!" అని శంకరమ్మ కెవ్వుమంది. మీ అమ్మ ఆమె వైపు చూడలేదు. చెట్లవైపు చూసి, "ఇగ రా. అందరు ఉపాసమున్నరు" అంది, రోజూ అన్నానికి పిలిచినట్టే.

ఆమె నాలుగడుగులు వెనక్కి వేసిందో లేదో, ఒకటి కాదు, గుంపే దిగింది. పెరుగన్నాన్ని కాళ్లతో తొక్కి చేప కోసం కొట్లాడుకున్నాయి.

తిరిగి వస్తుంటే మీ అమ్మ నా పక్కన నడిచింది. "అన్నా, గంత ఎండ ఏం లేకుండె గదనే" అంది. ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగుతున్నాయి. పాపం గంగమణి ఇప్పటికి ఏడ్చిందని వెనకవాళ్లు అనుకున్నారు. నాకూ నిశ్చయంగా తెలియదు.

కాబట్టి మీ బాపు చెట్టెక్కి నీ కోసం కాచుకుని కూర్చోలేదు. ఆయన చెప్పాల్సింది బతికుండగానే చెప్పాడు. నిన్ను హాస్టల్లో దింపి వచ్చిన రోజు మా ఇంట్లో చాయ్ తాగుతూ అన్నాడు: "బావా, నా బిడ్డ సూది పట్టుకుంటే డాక్టర్ గూడ జర పక్కకు జరగాలె." ఏడవాలనిపిస్తే ఆ మాట తలుచుకుని ఏడువు.

కానీ ఒకటి విను. సాయన్న ఇప్పుడు బోధన్ అంగడిలో, బస్సులో, కనిపించినవాడికల్లా ఆ కథే చెబుతున్నాడు. తన మాటకు తమ్ముడి ఆత్మ కరిగిందట, ఆ నోట మాట రాగానే ఆకాశం నిండా కాకులు దిగాయట. చేప లేదు, మీ అమ్మ లేదు ఆ కథలో. అయినా ఆ గొప్ప చెప్పుకున్నన్నాళ్లు ఆయన మాట వెనక్కి తీసుకోలేడు. నీ చదువు ఇప్పుడు ఆ అబద్ధం మీద నిలబడి ఉంది. ఎండాకాలం సెలవుల్లో నువ్వు వచ్చినప్పుడు నిన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని మొత్తం చెబుతాడు. చేతులు కట్టుకుని విను. నవ్వకు. మధ్యలో, "అంతేనా మాస్టరూ?" అని నా వైపు తిరుగుతాడు. మొన్న ఆదివారం కూడా తిరిగాడు.

అంతేనన్నాను. మళ్లీ అడిగితే మళ్లీ అంటాను.

ఇట్లు,
నీ మేనమామ
రాజారాం