మా వాడలో ఒకే ఒక్క ఆకుపచ్చ ఓటు

తైపే, డిసెంబరు 8

ప్రియమైన మీకు,

మీరు శనివారం పొద్దున్నే ఓటేసి, మధ్యాహ్నానికల్లా కొండ మీది పియర్ తోటకు వెళ్ళిపోయారు. అదృష్టవంతులు. సాయంత్రం లెక్కింపు చూడ్డానికి బడికి నేనొక్కదాన్నే వెళ్ళాను.

ఎప్పటిలాగే తలుపులు బార్లా తెరిచి, ఒక్కో ఓటూ పైకెత్తి అందరికీ చూపిస్తూ అరిచారు. "నీలం, ఒకటి! నీలం, ఒకటి!" మన సైనికుల వాడలో నీలం పార్టీ తప్ప ఇంకేం వస్తుంది? తావ్ వదిన పుచ్చగింజలు నములుతూ కునికిపాట్లు పడుతోంది. మూడు వందలు దాటాక చదివే అమ్మాయి గొంతు తడబడింది. "ఆకుపచ్చ... ఒకటి." మళ్ళీ చూపించమన్నారు. ముద్ర ఆకుపచ్చ అభ్యర్థి గడి మధ్యలో నిండుగా పడి ఉంది. చెయ్యి జారిందనడానికి లేదు.

అందరూ ఎవరి వంక చూశారనుకున్నారు? నా వంకే! ఆకుపచ్చది ఇక్కడివాళ్ళ పార్టీ. మీరంతా చైనా నుంచి సముద్రం దాటి వచ్చినవాళ్ళు. ఈ ద్వీపంలోనే పుట్టిన కోడళ్ళలో ఇక్కడ మిగిలింది నేనొక్కదాన్నే. సంఘం పెద్ద కర్నల్ యెన్ దగ్గరికొచ్చి, "ఎంతైనా నీ రక్తం నీదే కదమ్మా" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇరవై ఆరేళ్ళుగా మీరు చూపించిన గడిలోనే ముద్ర వేశాను. ఆకుపచ్చ వాళ్ళ కరపత్రం ఇంటికొస్తే పొయ్యిలో పెట్టాను. ఆదివారం నుంచి నా అంగడికి ఒక్కరూ రాలేదు. సోయాపాలు విరిగిపోయాయి. నువ్వుల రొట్టెలు పక్కవీధి కుక్కలు తిన్నాయి.

ఇట్లు,
మీ యువెషియా

కొండ తోట, డిసెంబరు 14

ప్రియమైన యువెషియాకు,

ఉత్తరం అందింది. ఇక్కడ చలి బాగా ఉంది. కొమ్మలు కత్తిరిస్తున్నాం. మనుషులన్నాక నాలుగు రోజులు అరుస్తారు, ఆ తర్వాత మర్చిపోతారు. నువ్వు మాత్రం ఎదురు చెప్పకు. కర్నల్ గారు ఏదైనా కాగితం మీద సంతకం అడిగితే పెట్టెయ్యి. మనకేం పోతుంది? మోకాళ్ళకు మందు రాసుకోవడం మర్చిపోకు.

నీ,
గూ షావ్‌తాంగ్

తైపే, డిసెంబరు 19

ప్రియమైన మీకు (ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు),

మీరన్నట్టే కాగితం వచ్చింది. "నేను వాడ నమ్మకాన్ని వమ్ము చేశాను, క్షమించండి" అని కర్నలే రాసి తెచ్చాడు. సంతకం పెడితే నోటీసు బోర్డుకు అంటిస్తారట. పెట్టకపోతే సంఘం గోడ వారనున్న నా అంగడిని నెలాఖరుకల్లా ఎత్తెయ్యాలట.

"నేను వెయ్యలేదండీ" అన్నాను.

"మరెవరేశారు? నేనా? తావ్ గారా? పోనీ, మీ ఆయనా?"

చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. మీ పేరెత్తేసరికి నాకూ నవ్వు ఆగలేదు.

ఇంటికొచ్చి మీ ఉత్తరం మళ్ళీ చదివాను. "నువ్వు వేశావా?" అని మీరు అడగలేదు. "నువ్వు వెయ్యవని నాకు తెలుసు" అనీ రాయలేదు. సంతకం పెట్టమన్నారు, అంతే! ఊరంతా నన్ను దొంగను చేసినా సహిస్తాను. మీరు కూడానా?

యువెషియా

కొండ తోట, డిసెంబరు 24

ప్రియమైన యువెషియా,

నిన్ను అడగలేదు. ఎందుకంటే ఆ ఓటు నాది.

ఓట్ల రోజు పొద్దున నువ్వు గుర్తింపు కార్డు మర్చిపోయి ఇంటికి తిరిగి వెళ్ళావు గుర్తుందా? అప్పుడు కర్నల్ నా భుజం మీద చెయ్యేసి, "గూ, మీ ఆవిడ మీద ఓ కన్నేసి ఉంచు. ఈ ద్వీపం వాళ్ళ చెయ్యి ఎటు పోతుందో చెప్పలేం" అన్నాడు. వరసలో వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. నా పెళ్ళాన్ని అంటే నేను నవ్వాను! తెర వెనక్కి వెళ్ళాక నా మీద నాకే అసహ్యం వేసింది. నలభై ఏళ్ళుగా ఆయనకు సరేనంటూనే ఉన్నాను. మొదటిసారి కాదన్నాను, అదీ ఎవరూ చూడని చోట.

నీ మీద పడుతుందని ఆలోచించలేదు. పడిందని తెలిశాక నోరు మూసుకున్నాను. పిరికివాణ్ణి. నా పేరుతో అంతా రాసి ఇందులో ఇంకో కాగితం పెట్టాను. కర్నల్‌కి ఇచ్చెయ్యి, బోర్డుకు దాన్ని అంటించుకోమను.

నీ షావ్‌తాంగ్

తైపే, జనవరి 2

ప్రియమైన మీకు,

ముందు మిమ్మల్ని మా అమ్మ భాషలో నోరారా తిట్టుకున్నాను. మీకు అర్థమయ్యే భాషలో సరైన తిట్లు లేవు.

మీ కాగితం ఇవ్వలేదు. ఇస్తే ఏమంటారు? "పాపం గూ, ఆవిడే చెడగొట్టింది" అంటారు. మళ్ళీ నా నెత్తినే. సంతకమూ పెట్టలేదు. సంఘం హాల్లో అందరూ ఉన్నప్పుడు వెళ్ళి చెప్పాను: "కర్నల్ గారూ, ఆ ఓటు ఎవరిదో నాకు తెలుసు. చెప్పను. తెర కట్టేది అందుకే. మొన్నటిది మాత్రం నాది కాదు. వచ్చే ఎన్నికల్లో పడే ఆకుపచ్చ ఓటు నాదే. లెక్కపెట్టుకోండి."

తావ్ వదిన నోట్లో గింజ నోట్లోనే ఉండిపోయింది.

అంగడి ఎత్తేశాను. గేటు బయట, రోడ్డుకు అవతల పెట్టుకున్నాను. అది సంఘం గోడ కాదు. నిన్న ఇద్దరు బస్సు డ్రైవర్లు తిన్నారు. ఈ పొద్దున తావ్ వదిన మనవరాలొచ్చి రొట్టె కట్టించుకుని, ఎవరూ చూడకుండా పరుగెత్తింది.

ఎన్నికలకు తప్పకుండా రండి. తెర వెనక మీ ఇష్టం, నేను అడగను. లెక్కింపుకు మాత్రం నా పక్కన కూర్చోవాలి. ఆ అమ్మాయి మళ్ళీ "ఆకుపచ్చ" అని అరుస్తుంది, అందరూ నా వంక తిరుగుతారు. అప్పుడు మీరు లేచి నిలబడతారా? నిలబడలేకపోతే ఇప్పుడే రాయండి. నేను ఒక్కదాన్నే వెళ్తాను.

ఇట్లు,
యువెషియా