పొట్టి కోడు

జూన్ 3, ఉదయం 10

ఈ డైరీ రాయకుండానే వదిలేద్దామనుకున్నాను. డెబ్బై రెండేళ్లవాడి దినచర్యలో ఏముంటుంది, మోకాళ్లూ మాత్రలూ తప్ప. కానీ ఇవాళ నా నోటికి తాళం పడింది. ఎక్కడో ఒకచోట వాగాలి కదా.

మా ఇంట్లో నాలుగు గదులు గెస్టులకిస్తాం. వంట మా ఆవిడది, టిఫిన్ బల్ల దగ్గర కబుర్లు నావి, మిగతా సర్వం కోడలిది. మధ్య గదిలో మంచానికి ఒక కోడు పొట్టి. కింద చెక్కముక్క ఉంటుంది. ఎందుకని అడగని గెస్టు లేడు. ఓడ కెప్టెన్ ఒకాయన తన కుంటికాలికి అనువుగా చేయించుకున్నాడని మార్చిలో ఒకావిడకి చెప్పాను. వరదలో మొసలి కొరికిందని ఏప్రిల్‌లో ఇంకొకాయనకి చెప్పాను. వాళ్లిద్దరూ సొంత అక్కాతమ్ముళ్లని నాకేం తెలుసు? రివ్యూలు రాశారు, ఒకదాని కింద ఒకటి.

కోడలు ఫోన్ నా ముక్కుకి ఆనించి, మామయ్యగారూ, మొసలా? అంది. ఇకమీదట గెస్టులకి కథలు చెప్పొద్దంది.

జూన్ 4

ఊరి సంస్కృతి చూపించే ఇళ్ల లిస్టు ఒకటుందట. మమ్మల్ని చేర్చాలా వద్దా అని చూడటానికి టూరిజం ఆఫీసాయన ఎల్లుండి వస్తాడు. చేరితే నాలుగు గదులూ నిండుతాయి. లేకపోతే రెండు మూసేసి, కోడలు మళ్లీ బట్టల కొట్లో కౌంటర్ వెనక నిలబడాలి. మూడేళ్ల కష్టం ఆ పిల్లది. ఇంటి గురించి చెప్పేది నిజమై ఉండాలన్నది రూలు. రివ్యూలు ముందే చదువుకుని వస్తారట.

ఆయనున్నంతసేపూ పెదవి విప్పకండి, మీకు దణ్ణం పెడతాను అంది కోడలు. సరే అన్నాను. ఆ సరే ఏదో కాగితం మీద రాయించుకో అమ్మాయ్ అని వంటింట్లోంచి మా ఆవిడ.

జూన్ 5

నేను నాలుగో క్లాసుతో బడి మానేసినవాణ్ణి. నా చదువంతా పొట్లాల కాగితాల మీదే. కాగితం చిరిగినచోట కథ ఆగేది. రాజుగారు బావిలో పడ్డాక ఏమయ్యారో నేనే చూసుకోవాల్సి వచ్చేది. అలా అలవాటైపోయింది.

ఇంతకీ చెప్పొచ్చేదేమంటే, దుప్పట్లు మడతపెట్టాను.

జూన్ 6, మధ్యాహ్నం

వచ్చాడు. మూడు గదులు చూసి తలూపాడు. మధ్య గదిలో ఆగి, ఇంతకీ కెప్టెనా, మొసలా? అన్నాడు.

కోడలి ముఖంలో నెత్తుటిచుక్క లేదు. నా వైపు చూడను కూడా లేదు. అది తట్టుకోలేకపోయాను.

నేనే కోశానండీ అన్నాను. పెళ్లయిన కొత్తలో, మూతపడ్డ లాడ్జి సామాను అమ్ముతుంటే కొన్నాం. నేల ఎగుడుదిగుడు, మంచం ఊగేది. రంపం తీసుకుని ఒక కోడు కోశాను. కోయాల్సింది అది కాదు, పక్కది. చెప్పుకోవడానికి సిగ్గేసి కెప్టెన్‌ని పిలిచాను.

మా ఆవిడ గరిటెతో సహా గుమ్మంలోకి వచ్చి, నలభై తొమ్మిదేళ్లకి ఒప్పుకున్నారండీ ఈయన, ముందు అది రాసుకోండి అంది.

ఆఫీసాయన మోకాళ్ల మీద కూర్చుని చెక్కముక్క చూశాడు. ఎవరు పెట్టారు అన్నాడు. నేనే, ఆ సాయంత్రమే అంది మా ఆవిడ. చాలాసేపు రాసుకున్నాడు. రెండో కప్పు కాఫీ అడిగి తాగి వెళ్లాడు.

భోజనాల దగ్గర కోడలు నా ప్లేటులో ఇంకో గుడ్డు వేసింది.

జూన్ 9

కబురు లేదు. వాన.

జూన్ 17

లిస్టులో పడ్డాం. కోడలు మంచం ఒక పక్క పట్టుకోమంది. వచ్చేవాళ్లకి పొట్టి కోడు బాగా కనబడాలట, కిటికీ దగ్గరికి జరిపాం.