తవిటమ్మ అంటే ఏటి?

అక్కా,

నువ్వు పోయినాక పుట్టిన సెల్లిని నేను. మనం ఒకర్నొకరం సూసుకోలేదు. అమ్మ కూడా పోయి నెలయింది, అందుకే రాస్తన్నాను.

నిన్న మనవరాలు ఫోన్లో ఇంట్లో అందరి పేర్లకీ అర్థాలు ఎతికింది. నా పేరు కొడితే ఏటీ రాలేదు. "మామ్మా, తవిటమ్మ అంటే ఏటి? చాలా రేర్ పేరంట" అంది. మన శ్రీకాకుళం వైపు వీధికొకర్తి ఉండేది, రేరేటే అని కసిరినాను. తరవాత సెప్పినాను.

నువ్వు పురిట్లోనే పోయినావు కదా, నేనూ దక్కనని అమ్మకి బెంగ. నన్ను చేటలో పెట్టి, పక్క క్వార్టర్ బెంగాలీ ఆవిడకి తవుడుకి అమ్మీసింది. పరాయి పిల్లనైపోతే సావు నా వైపు సూడదని. ఈ బెంగాల్ రైల్వే కాలనీలో, ఓల్డ్ సెటిల్‌మెంట్లో తవుడెక్కడిది? ఆవిడ పాలోడి దగ్గర, ఆవు దాణాలోంచి దోసెడు తెచ్చిందంట. పెంచమని నన్ను మళ్లీ అమ్మ చేతికిచ్చినప్పుడు ఏడ్సిందంట కూడా.

పిల్ల నవ్వింది. "మరి మీ అక్క పేరేటి?" అంది.

బారసాల కాకుండానే పోయింది, పేరు లేదన్నాను. పిల్ల ఫోన్ పక్కన పెట్టీసింది.

ఇక్కడ నేను మనోళ్లకి మామ్మని, బెంగాలీ వాళ్లకి మాసీని. పేరెట్టి పిలిసేది అమ్మొక్కర్తే. మంచాన పడి అందర్నీ మర్సిపోయినా, ఆ పేరు మర్సిపోలేదు.

ఇంకెవరున్నారక్కా? ఓపాలి నువ్వు పిలు, తవిటమ్మా అని.