రేకు దాకా వెళ్లని ఇనుప గుండు

జూన్ 9, సోమవారం

అక్క నా ఫిజిక్స్ పుస్తకం దాచేసింది. మాట మాత్రం చెప్పకుండా. లేచి చూస్తే దిండు కింద లేదు. ముందు కాల్కులస్ పూర్తి చెయ్యాలట, ఫిజిక్స్ సంగతి తర్వాతట. కూడికలు రాని దానివి బ్యాంకు పెడతానన్నట్టుందే నీ వరస అంది. ట్యూషన్ పిల్లలకి లెక్కలు చెప్పి చెప్పి ఇంట్లో కూడా టీచరమ్మే. లైబ్రరీ కార్డు తన పేరు మీదుంది కాబట్టి శనివారం తిరిగిచ్చేస్తుందట. ఒళ్లు మండిపోతోంది. నేను రెండూ కలిపే చదువుతాను.

జూన్ 10

పుస్తకం పోతే పోయింది, స్ప్రింగులున్నాయి. నేను పనిచేసేది దుకాణాల షట్టర్లు చేసే షెడ్డులో. ఒక పైపు నిలబెట్టి, అడుగున స్ప్రింగు, దాని మీద ఇనుప గుండు పెట్టాను. నొక్కి వదిలితే గుండు పైకి లేస్తుంది. ఎంత ఎత్తుకో ముందే లెక్క కట్టాలి. స్ప్రింగును సుద్దగీత దాకా నొక్కితే ఎంత బలం పడుతుందో తూకం మీద చూశాను. బలం ఇంటూ దూరం, ఫిజిక్స్‌లో పని అంటే అంతే కదా! లెక్క ప్రకారం గుండు పైకప్పు రేకుకి తగలాలి. రేపు భోజనాల వేళ పరీక్ష. చేతులు ఆగడం లేదు.

జూన్ 11, మధ్యాహ్నం

తగల్లేదు. సగం దాకా వెళ్లి కింద పడింది. ఏమ్మా సైంటిస్టూ, నీ గుండు దారిలో టీకి ఆగిందా అని మేస్త్రి ఒకటే నవ్వు. మా షెడ్డులో ఏది ఆగినా నేరం రాపిడిదే. పైపుకి గ్రీజు పట్టించాను. సగం. ఇంకా పట్టించాను. నా మొహం నిండా గ్రీజు, గుండు మాత్రం సగమే.

రాపిడి అయితే ప్రతిసారీ సరిగ్గా సగమే ఎందుకు తింటుంది?

జూన్ 11, సాయంత్రం

బస్సులో తట్టింది! దిగాల్సిన స్టాపు దాటిపోయాను.

స్ప్రింగు మొదట్లో వేలితో నొక్కినా లొంగుతుంది. నొక్కేకొద్దీ మొండికేస్తుంది. చివర్లో ఉన్న బలం మొదటినుంచీ ఉన్నట్టు గుణించేశాను, మొద్దుని. బలం క్షణక్షణం మారుతుంటే దూరాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కకీ విడిగా గుణించి, అన్నీ కూడాలి. ఫిజిక్స్ పుస్తకంలో పాములా నిలబడిన ఆ పొడుగు గీత అదే! కనబడినప్పుడల్లా తర్వాత చూద్దాంలే అని దాటేశాను. ఇంటిగ్రేషన్! టికెట్ వెనక బొమ్మ గీశాను, అడ్డంగా దూరం, నిలువుగా బలం. నేను దీర్ఘచతురస్రం లెక్కేశాను. ఉన్నదేమో త్రికోణం. సగం!

జూన్ 12

అక్కని నేనే ఇంటిగ్రేషన్ చెప్పమని అడిగాను. జ్వరమా అని నుదురు పట్టుకు చూసింది. ఎందుకో నేను చెప్పలేదు. ఎత్తు రెట్టింపు కావాలంటే నొక్కుడు రెట్టింపు అక్కర్లేదు, ఒకటిన్నర రెట్లకి కాస్త తక్కువ చాలు, ఎందుకంటే నొక్కేకొద్దీ దూరంతో పాటు బలమూ పెరుగుతుంది. కొత్త సుద్దగీత గీశాను.

జూన్ 13, మధ్యాహ్నం

ఠంగ్! మేస్త్రి టీ చొక్కా మీద ఒలకబోసుకున్నాడు. మళ్లీ కొట్టమన్నాడు.

జూన్ 13, సాయంత్రం

అక్కా, ఈ పేజీ నీకే. నీ బ్యాగు మీద తెరిచి పెడుతున్నా. పుస్తకంలో ఆ ఇంటిగ్రేషన్ గీత దాటేయడం నా తప్పే. కానీ గుండు సగంలో పడకపోతే ఆ గీతతో నాకు పనే లేదు. రేపు లైబ్రరీ పదింటికి తెరుస్తారు. తొమ్మిదిలోగా పుస్తకం నా దిండు కింద ఉండాలి. లేదంటే షెడ్డుకి రా, రేకు మీద సొట్ట చూసి, అప్పుడు చెప్పు, రెండూ కలిపి చదవకూడదని.

తొమ్మిదిలోగా.